పలకని పుటలు

పలుకు రూపమై వెలిగెడి భవ్యమూర్తి,
చెవికి నమృతమై యొలికెడి చెలువ ధార,
కనులు లేనట్టి వారికిఁ గన్నువైన
వాణి, నీపాదములకిదే వందనమ్ము.

వాగ్దేవికి మొక్కి మొదలుపెడుతున్న ఈ కథ రెండువేల తొమ్మిదో సంవత్సరం వేసవి చివర గుడివాడలో జరిగింది.

శోభనాద్రిగారిది ముదినేపల్లి దగ్గర మాగాణి ఉన్న కుటుంబం. కళాశాలలో తెలుగు చెప్పి పదవీ విరమణ చేసిన తరువాత గుడివాడలోనే స్థిరపడి, కృష్ణాతీర విద్యాసమితికి కార్యదర్శిగా ఉంటున్నారు. ఆ సమితి ఆడపిల్లల కోసం ఒక ఉన్నత పాఠశాల నడుపుతుంది. అందులో పై తరగతులకు పద్యభాగం మాత్రం ఆయనే చెప్పేవారు. జీతం తీసుకునేవారు కారు. ఆ గంట కోసం ఉదయం నుంచీ ఉత్తరీయం సవరించుకుంటూ కూర్చుంటారని ఇంట్లోవాళ్లు నవ్వుకునేవారు.

సమితికి వెబ్‌సైట్ ఉండాలన్నది అధ్యక్షురాలు సుబ్బరత్నమ్మగారి కోరిక. కంప్యూటర్ చదువు చదివిన శశిధర్ అనే యువకుడు దానిని తయారుచేశాడు. అయితే మొదటి పుట తెర మీదకు రాగానే శోభనాద్రిగారి ముఖం వాడిపోయింది. ఆనాటి ఆఫీసు కంప్యూటర్లలో తెలుగు అక్షరాలు సరిగా కుదురుకునేవి కావు. కింద ఒదిగి ఉండవలసిన వత్తు పక్కకు వచ్చి నిలబడేది. గుడి ఒకచోట, దాని హల్లు మరొకచోట కనిపించేవి.

"ఇది కుదరదు శశిధర్. భిన్నమైన విగ్రహాన్ని పూజలో ఉంచుతామా? నదిలో కలిపేస్తాం. విరిగిన అక్షరమూ అంతే."

"కొన్నాళ్లు పోతే కంప్యూటర్లే సర్దుకుంటాయి మావయ్యగారూ."

"అందాకా విరిగిన విగ్రహానికే దీపం పెడదామంటావా?"

మచిలీపట్నంలో సైనుబోర్డులు రాసే ఒక చిత్రకారుడిని శోభనాద్రిగారే వెతికి పట్టుకున్నారు. ప్రతి పుటనూ అతని చేత మందపాటి కాగితం మీద రాయించి, ఫొటో తీయించి, ఆ ఫొటోలనే సైట్‌లో పెట్టించారు. ముత్యాలను ఏరి పేర్చినట్టుండే ఆ అక్షరాలను చూసి, హైదరాబాదు నుంచి కూడా ఎవరెవరో ఫోను చేసి మెచ్చుకున్నారు. ఆ సంతోషంలో ఆయన ఒక నియమం కూడా పెట్టారు. ఇకపై సమితి ప్రకటనలన్నీ సైట్‌లోనే ఉంటాయి. ఎవరికీ విడిగా కబురు పంపనక్కరలేదు.

ఆ ఏడు పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయిని ఉద్యోగం ఖాళీ అయింది. సుబ్బరత్నమ్మగారు గోడ మీది కేలండరు చూసి ఇంటర్వ్యూకి ఒక సోమవారం నిర్ణయించారు. శోభనాద్రిగారు పంచాంగం తెరిచారు. జ్యేష్ఠ బహుళ అమావాస్య. విద్యకు సంబంధించిన పనిని ఆనాడు ఎలా మొదలుపెట్టడం? అంతకు ముందు వచ్చే ఏకాదశికి ఇంటర్వ్యూ జరిపి, మారిన తేదీని అందంగా రాయించి, పాత ప్రకటన ఉన్నచోటనే పెట్టించారు. ఏకాదశినాడు కొందరు వచ్చారు. వారిలో హర్షిణి అనే అమ్మాయి చక్కగా సమాధానాలు చెప్పింది. ఉద్యోగం ఆమెకిచ్చారు.

అమావాస్యనాడు ఆయన ఆఫీసులో శశిధర్‌తో మాట్లాడుతుండగా గుమ్మంలో ఇద్దరు కనిపించారు. ముందు నిలిచిన మనిషికి ఎండకు కాగిన నల్లని ముఖం, ఉతికి మడత పెట్టిన తెల్లచొక్కా. వెనక అతని మోచేతిని పట్టుకుని ఒక యువతి ఉంది. రెండో చేతిలో తెల్లకర్ర.

"ఇంటర్వ్యూకండీ. మా అమ్మాయి వీరదుర్గ. నేను ఆంజనేయులునండీ. నాగాయలంక అవతల మాది. తొలి బస్సుకి బయల్దేరాం. ఆలస్యం కాలేదు కదండీ?"

"తెలుగు పోస్టుకా? అది మొన్న ఏకాదశికే అయిపోయింది బాబూ. ఇవాళ అమావాస్య అని ముందుకు జరిపాం."

ఆంజనేయులు కూతురి వైపు చూశాడు. ఆ చూపు ఆమెకు అందదు కనుక అతని చేతి కదలికను బట్టి తెలుసుకున్నట్టుంది, ఆమె తల ఎత్తింది.

"మాకు తెలియలేదండీ," అంది.

"వెబ్‌సైట్‌లో పెట్టాం కదమ్మా."

"మొదటి తేదీ మా స్నేహితురాలు చదివి పెట్టిందండీ. తను ఊరెళ్లిపోయింది. అప్పట్నుంచీ అవనిగడ్డలో నెట్ సెంటర్‌కెళ్లి రోజూ నేనే వింటున్నాను. నిన్న కూడా విన్నాను. మీ సైట్ ఏమీ మార్చి చెప్పలేదండీ."

వినడమేమిటో శోభనాద్రిగారికి బోధపడలేదు. శశిధర్‌కు మాత్రం తెలిసినట్టుంది. అతను తల దించుకున్నాడు.

వీరదుర్గ సంచిలోంచి పెన్‌డ్రైవ్ తీసింది. "కంప్యూటర్ ఉందాండీ? తెర మీద రాసింది చదివి చెప్పే సాఫ్ట్‌వేర్ ఇందులో ఉంది. ఒక్కసారి పెట్టి చూపిస్తాను."

శశిధర్ కుర్చీ జరిపి ఆమెను కూర్చోబెట్టాడు. కంప్యూటర్ పెట్టెలోంచి ముక్కుతో పలికినట్టుండే ఒక యంత్రస్వరం వచ్చింది. ఆమె వేళ్లు మీటలు నొక్కుతుంటే ఆ స్వరం ఒక్కో అడుగు వేస్తూ సమితి సైట్‌లోకి ప్రవేశించింది.

"గ్రాఫిక్. లింక్. గ్రాఫిక్. గ్రాఫిక్. లింక్. గ్రాఫిక్."

తెర మీద సరస్వతీ ప్రార్థన ఉంది. సమితి చరిత్ర ఉంది. మారిన తేదీ ఉంది. స్వరం మాత్రం ఆ ఒక్క ముక్కనే పలుకుతూ కిందికి దిగి, ఆగిపోయింది.

"ఇదేనండీ నాకు వినిపించేది," అంది వీరదుర్గ. "ప్రకటన మార్చినా ఇంతే. ఒక బొమ్మ తీసి ఇంకో బొమ్మ పెట్టారు. దీనికి రెండూ ఒకటే."

శోభనాద్రిగారు గొంతు సవరించుకున్నారు. "ఒకసారి ఫోను చేసి కనుక్కోవలసింది తల్లీ."

"చేశానండీ. 'అన్నీ సైట్‌లో ఉన్నాయమ్మా, కళ్లు పెట్టి చూసుకోవాలి' అన్నారు. నాకు కనపడదండీ అని చెప్పబోయేలోపు పెట్టేశారు."

"ఎవరన్నారు?"

"మీరేనండీ. లోపలికి రాగానే గొంతు గుర్తుపట్టాను."

ఆ ఫోను ఆయనకు జ్ఞాపకం వచ్చింది. చిత్రకారుడు పంపిన కొత్త పుటలో ఒక ఏత్వం వంకర సరిగా తిరిగిందా లేదా అని భూతద్దంతో చూస్తున్న సమయం. ఎవరో పిల్ల, ఏదో సందేహం. విసుగ్గా రెండు ముక్కలు చెప్పి రిసీవరు పెట్టేశారు.

ఆంజనేయులు చేతులు జోడించాడు. "పోనీ, ఇప్పుడొకసారి అడిగి చూడండి అయ్యగారూ. బీయే, బీయెడ్డూ చేసిందండీ. పద్యం ఎత్తుకుంటే మా పేటలో వలలు అల్లేవోళ్లు కూడా చేతులు ఆపేస్తారు."

"ఉద్యోగం ఇచ్చేశాం బాబూ. ఆ అమ్మాయి చేరిపోయింది కూడాను."

"వద్దు నాన్నా," అంది వీరదుర్గ లేస్తూ. "అయిపోయిన పెళ్లికి మేళం ఎందుకు? పద."

"భోజనం చేసి వెళ్లండమ్మా," అన్నారు శోభనాద్రిగారు.

"బస్సుందండీ," అందామె. అందులో కోపం లేదు. కోపం ఉంటే ఆయనకు కాస్త తేలికగా ఉండేది.

ఆ మధ్యాహ్నం సుబ్బరత్నమ్మగారు ఫోను చేశారు. ఊళ్లో ఏ మాటైనా ఆమెకు ముందే చేరుతుంది.

"అన్నయ్యగారూ, ఎవరో చూపులేని పిల్ల అంత దూరం నుంచి ఇంటర్వ్యూకొచ్చి తిరిగి వెళ్లిపోయిందటగా. ఏమైంది?"

"రోజు తప్పి వచ్చిందమ్మా," అన్నారాయన.

"అయ్యో పాపం. కాస్త చూసుకుని రావద్దూ," అని ఆమె ఫోను పెట్టేశారు.

చూసుకుని రావద్దూ. శోభనాద్రిగారు రిసీవరును చేతిలోనే పట్టుకుని నిలబడిపోయారు. ఉదయం జరిగింది పొరపాటు. తెలియక జరిగింది. ఇప్పుడు జరిగింది అటువంటిది కాదు. అన్నీ తెలిసి, తన దోషాన్ని ఒక నిస్సహాయురాలి నెత్తిన పెట్టారు. అదీ ఎంత సులువుగా, ఎంత మర్యాదైన గొంతుతో.

మర్నాడు తరగతిలో పద్యం మొదలుపెట్టారు. పద్యం చదివేటప్పుడు కళ్లు మూసుకోవాలని ఆయన పిల్లలకు అలవాటు చేశారు. పద్యం పుట్టింది చెవి కోసం, కన్ను మధ్యలో వచ్చిన బంధువు అనేవారు. ముందు వరుసలోని పిల్ల లేచి, బుద్ధిగా కళ్లు మూసుకుని, "చదవమంటారా మేష్టారూ?" అంది. ఆ మూసిన రెప్పలను చూడగానే ఆయన పుస్తకం మూసేశారు. ఇన్నేళ్లుగా చెబుతున్న మాటను తానెన్నడూ నమ్మలేదా? నమ్మినవాడు సమితి పుటలన్నిటినీ కంటికి మాత్రమే ఎలా రాయించాడు?

"ఇవాళ మీరే చదువుకోండమ్మా," అని బయటకు వచ్చేశారు.

శశిధర్ ఆఫీసులోనే ఉన్నాడు.

"అబ్బాయ్, ఆ బొమ్మలను ఆ యంత్రం చేత పలికించే దారి అప్పట్లో లేదా?"

"ఉందండీ. బొమ్మ వెనక దాని మాటలు రాసిపెట్టవచ్చు. చూసేవాళ్లకి కనపడవు, వినేవాళ్లకి వినపడతాయి. అప్పుడు మిమ్మల్ని అడిగాను."

"నేనేమన్నాను?"

"'కనపడని చోట రాత దేనికిరా, నేల మాళిగలో ముగ్గులాగా' అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను మావయ్యగారూ. గట్టిగా చెప్పాల్సింది. చెప్పలేదు."

"నువ్వు చెప్పావు. వినవలసినవాడిని నేను."

ఆయన పూజగదిలో కూర్చున్నా ఆ యంత్రస్వరమే చెవిలో మోగేది. నిత్యం చేసే వాగ్దేవీ స్తోత్రం సగంలో తెగిపోయేది. ఎవరిని స్తుతిస్తున్నాడు తాను? అమ్మవారికి పట్టుచీర కట్టి, నగలు పెట్టి, నోరు కుట్టేసిన అర్చకుడు తాను. భార్య ఏమైందని అడిగితే అరుగుదల బాగాలేదన్నారు. అది ఇంకొక అబద్ధం.

చివరికి ఒక ఉదయం ఎవరికీ చెప్పకుండా అవనిగడ్డ బస్సెక్కారు. పామర్రు దాటిన దగ్గర నుంచీ ఏం చెప్పాలో మనస్సులో కూర్చుకున్నారు. ఎంత కూర్చినా అది సమాసాల బరువుతో ఒరిగిపోతున్నది. నాగాయలంకలో దిగి ఆటో మాట్లాడుకుని పల్లెకు చేరేసరికి ఆ కూర్పులో ఒక్క వాక్యమూ మిగలలేదు.

ఇంటి ముందు వల పరిచి, దాని మీద ఎండుచేపలను తిరగేస్తూ ఒక ముసలామె కూర్చుని ఉంది. వీరదుర్గకు నాయనమ్మ, పేరు తాతమ్మ. ఆయన ఎవరో చెప్పుకోగానే ఆమె తల పైకెత్తి, కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని పరకాయించి చూసింది.

"ఓహో, ఆ మేష్టారు తమరేనా? మీ రాతలు మహా అందంగా ఉంటాయంటగా. మా పిల్ల ఎంత తడుముకున్నా అందం చేతికి తగల్లేదంట బాబూ."

"నాయనమ్మా," అని లోపలి నుంచి వీరదుర్గ మందలించింది.

"నేనేవన్నానే? రాతలు అందంగా ఉన్నాయనే గదా అన్నాను. కూకోండి బాబూ. వాసనేస్తే ముక్కు మూసుకోండి, మేవేం అనుకోం."

శోభనాద్రిగారు ముక్కు మూసుకోలేదు. చూపించిన నులకమంచం మీద కూర్చున్నారు. వీరదుర్గ గుమ్మం దాటి వచ్చి స్తంభానికి ఆనుకుని నిలబడింది.

"అమ్మా, నీకు అపకారం చేశాను," అన్నారాయన. "క్షమించమని అడగడానికి వచ్చాను."

"సరేనండీ," అంది ఆమె.

ఇంకేదైనా అంటుందని ఆయన ఎదురుచూశారు.

"అంతేనా తల్లీ?"

"ఇంకేం కావాలండీ? క్షమించానంటే మీకు స్థిమితంగా ఉంటుంది. అన్నాను. నాకేం వచ్చిందండీ దానివల్ల? రేపు మీరు ఇంకో ప్రకటన వేస్తారు. నాలాంటి ఇంకొకరు రోజూ వెళ్లి వింటారు. గ్రాఫిక్ అంటుంది."

తాతమ్మ చేప తిరగేస్తూ, "అడగవే, ఆ మాటా అడుగు," అంది.

"ఏ మాట?" అన్నారు శోభనాద్రిగారు.

"మీ కమిటీవాళ్లకి నా గురించి ఏం చెప్పారండీ?"

ఆయన మంచం పట్టెను గట్టిగా పట్టుకున్నారు. ఇంటి వెనక కాలువలో పడవ ఏదో తెడ్డు కొడుతూ వెళ్లింది. అబద్ధం చెప్పడానికి ఆ క్షణంలోనూ దారి ఉంది. ఇంకా ఏమీ చెప్పలేదమ్మా అంటే సరిపోతుంది.

"రోజు తప్పి వచ్చిందని చెప్పాను," అన్నారు.

తాతమ్మ చేతులు ఆగిపోయాయి. వీరదుర్గది ఇందాకటి గొంతు కాదు.

"మా నాన్న ఊళ్లో అందరికీ చెప్పుకున్నాడండీ, కూతురు మేష్టరమ్మ అవుతుందని. తిరిగొచ్చాక, తేదీ చూసుకోలేదా అని అడిగారు. గుడ్డిపిల్ల కదా, పాపం, అన్నారు. నేను చూసుకోకపోవడం కాదండీ, మీరు చూపించకపోవడం. ఆ మాట మీరు మీవాళ్ల ముందు చెప్పాలి. నా దగ్గర కాదు."

"చెబుతాను."

"చెప్పాక నాకు ఫోను చెయ్యొద్దండీ. సైట్ మాట్లాడితే అదే నాకు తెలుస్తుంది."

శోభనాద్రిగారు లేచారు. వెళుతుంటే తాతమ్మ వెనక నుంచి, "మజ్జిగన్నా తాగి వెళ్లండి బాబూ, ఎండ," అంది. ఆయన వెనక్కి వచ్చి తాగారు. ఆ ఇంట ఏమీ ముట్టకుండా వెళ్లే అర్హత తనకు లేదనిపించింది.

కార్యవర్గ సమావేశం సుబ్బరత్నమ్మగారి ఇంటి వసారాలో జరిగింది. శోభనాద్రిగారు నిలబడే మాట్లాడారు. అమావాస్య సంగతి, బొమ్మల సంగతి, ఫోను సంగతి, తరువాత చెప్పిన అబద్ధం సంగతి. ఏదీ దాచలేదు. శశిధర్ మధ్యలో కల్పించుకుని తన వంతు తప్పు చెప్పబోతే చేయి ఎత్తి వారించారు.

సుబ్బరత్నమ్మగారు చీర చెంగు భుజాన సర్దుకున్నారు.

"అన్నయ్యగారూ, మీరు చెప్పారని నేను ఆ పిల్లని నలుగురిలో తేలిగ్గా మాట్లాడాను. పాపంలో నాకూ వాటా పెట్టారు."

"పెట్టానమ్మా."

"హర్షిణిని తీసేయడం కుదరదు. ఆ అమ్మాయి చేసిన తప్పేం లేదు."

"తీసేయమనను. పై తరగతుల పద్యభాగం గంటలున్నాయి. అవి ఇన్నాళ్లూ నా దగ్గర ఉన్నాయి. వాటికి జీతమిచ్చి ఒక ఉద్యోగం కల్పించండి. నేను తప్పుకుంటాను. అందరికీ తెలిసేలా ప్రకటించండి. ఎంపికలో నేను కూర్చోను."

ఆ గంటలు ఆయనకు ఏమిటో అక్కడ అందరికీ తెలుసు.

"ఆ సైట్ సంగతో?" అన్నారు సుబ్బరత్నమ్మగారు. "మీ ముత్యాల అక్షరాలు?"

"తీసేద్దామమ్మా. మామూలు అక్షరాలు పెడదాం."

"విరిగినట్టు కనపడతాయన్నారుగా అప్పుడు?"

"కొన్ని యంత్రాల్లో ఇప్పటికీ అలాగే కనపడతాయి. నాకు కష్టంగానే ఉంటుంది. ఉండనివ్వండి."

శశిధర్ పని మొదలుపెట్టాడు. చిత్రకారుడు రాసిన పుటలు ఒక్కొక్కటే తొలగిపోయాయి. ఆయా చోట్ల టైపు చేసిన తెలుగు వచ్చింది. దరఖాస్తు నింపే పుటలో గడులకు ఇంతవరకు పేర్లు లేవని, వినేవారికి ఎక్కడ పేరు రాయాలో ఎక్కడ ఊరు రాయాలో తెలిసేది కాదని అప్పుడు బయటపడింది. ప్రతి గడికీ పేరు పెట్టాడు. మౌస్ పట్టుకోలేని చేతులవారు మీటలతోనే పుటంతా తిరిగేలా మార్చాడు. చూపు మసకబారినవారి కోసం లేత పసుపు మీద లేత నీలం తీసేసి, తెలుపు మీద నలుపు పెట్టాడు. పిల్లల పద్యపఠనాల వీడియోల కింద, చెవులు వినపడనివారి కోసం, పద్యాన్ని అక్షరాల్లో చేర్చాడు. ఏదైనా సందేహం వస్తే అవనిగడ్డ నెట్ సెంటర్‌లో ఉన్న వీరదుర్గకు ఫోను చేసేవాడు. ఆమె విని, ఎక్కడ తట్టుకుంటున్నదో చెప్పేది. పక్కనే కూర్చున్న శోభనాద్రిగారి గురించి ఆమె అడిగేది కాదు. ఆయనా తనంతట పలికేవారు కారు.

ఒక సాయంత్రం శశిధర్ మొదటి పుటను యంత్రస్వరం చేత చదివించాడు. ఆఫీసులోని పాత తెర మీద ప్రార్థనలోని సంయుక్తాక్షరాలు చెదిరి ఉన్నాయి. వాటి వంక చూస్తూ వింటుంటే శోభనాద్రిగారికి లోపల ఎక్కడో కోస్తున్నట్టే ఉంది. స్వరం మాత్రం, ఆ ముక్కు స్వరమే, ప్రార్థనను తుదకంటా పలికింది. యతి దగ్గర ఆగలేదు. రాగం ఎరగదు. కాని ఒక్క మాటనూ మింగలేదు.

"ఎలా ఉంది మావయ్యగారూ?"

"పద్యాన్ని చంపుతోంది," అన్నారాయన. కొంతసేపటికి, "చదవనీ," అన్నారు.

కొత్త ఉద్యోగ ప్రకటన వెలువడింది. ఇంటర్వ్యూకు తేదీ పెట్టేటప్పుడు శోభనాద్రిగారి వంక అందరూ చూశారు. ఆయన పంచాంగం తెరిచి, మంచి రోజు చూసి, ఒకటే చెప్పారు. "ఇక ఈ తేదీ కదలదు. మధ్యలో ఏ శకునం అడ్డొచ్చినా కదలదు." ప్రకటన సైట్‌లో పెట్టడమే కాక, దరఖాస్తు పెట్టిన ప్రతివారికీ శశిధర్ ఫోను చేసి చెప్పాడు.

ఇంటర్వ్యూ ముందురోజు ఆఫీసు ఫోను మోగింది. శోభనాద్రిగారే తీశారు.

"మేష్టారూ, వీరదుర్గనండీ."

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు, ఆమె చూడలేదని తెలిసి కూడా. "చెప్పమ్మా."

"ప్రకటన విన్నానండీ. తేదీ, చోటు, వేళ, అన్నీ. ఎవరూ చదివి పెట్టక్కర్లేకుండా విన్నాను."

"అయితే వస్తున్నావా తల్లీ?"

"నేను దరఖాస్తు పెట్టలేదండీ. అదే చెబుదామని చేశాను. బందరులో ఒక చిన్న బడిలో చేరాను. జీతం తక్కువే. కానీ పిల్లలు అలవాటైపోయారు."

"నా మీద కోపంతోనా?"

"కోపం కాదండీ. మీరు మీ కమిటీలో అంతా చెప్పారట. సుబ్బరత్నమ్మగారు మా ఇంటికి కారులో వచ్చి నాయనమ్మకి చెప్పి వెళ్లారు. ఊళ్లోవాళ్లంతా ఆ కారు చూశారు. నాన్నకి అది చాలు."

"మరి ఇక్కడికి రావడానికేమమ్మా?"

అవతల నుంచి బందరు వీధిలో రిక్షా గంటలు వినిపించాయి.

"మీ గొంతులో ఆ తప్పే వినపడుతుందండీ, ఇప్పుడు కూడా. నేను అక్కడ చేరితే రోజూ మీరు గుమ్మం దాకా వచ్చి, అమ్మా బాగున్నావా అంటారు. మీ తప్పుకి నేను మందులాగా ఉండాలి. నాకు పద్యం చెప్పుకోవాలని ఉందండీ. ఆ పని వద్దు."

ఆయన మళ్లీ కుర్చీలో కూర్చున్నారు.

"తోట్లవల్లూరు నుంచి పోతయ్య అనే అబ్బాయి దరఖాస్తు పెట్టాడు," అంది వీరదుర్గ. "నేను చదువుకున్న చూపులేని పిల్లల బడిలో నాకన్నా ముందు చదివాడు. ప్రకటన తనూ స్వయంగా విన్నాడు. అతని మీద ఎవరూ దయ చూపించకుండా చూడండి. కఠినంగానే అడగమనండి. జవాబులు రాకపోతే ఇవ్వొద్దు. వస్తే మాత్రం ఇవ్వాలి."

"నేను గదిలో ఉండనమ్మా."

"తెలుసండీ. విన్నాను. అది కూడా సైట్‌లో ఉంది." ఆమె నవ్వినట్టుంది. "ఉంటానండీ."

మర్నాడు గదిలోపల సుబ్బరత్నమ్మగారు, ఇద్దరు బయటి పండితులు కూర్చున్నారు. శోభనాద్రిగారు పాఠశాలకే రాలేదు. లోపల ఎవరు ఏ పద్యం చదివారో, ఎవరు ఎక్కడ తడబడ్డారో ఆయనకు తెలియదు. మధ్యాహ్నం శశిధర్ ఇంటికి వచ్చి, "పోతయ్యకిచ్చారండీ. కఠినంగానే అడిగారు. ఒకచోట తప్పు చెప్పాడు, తర్వాత తనే దిద్దుకున్నాడు," అని చెప్పాడు.

"మంచిది," అన్నారు శోభనాద్రిగారు.

"రేపటి నుంచి చేరతాడట. మీరు వచ్చి పిల్లలకి పరిచయం చేస్తారా?"

ఆయన తల అడ్డంగా ఊపారు. "వద్దురా. పిల్లలే పరిచయం చేసుకుంటారు. నేను వస్తే అతనికి నా బరువు కూడా మొయ్యవలసి వస్తుంది."

ఆ మర్నాడు తరగతి వేళకు ఆయన అలవాటుగా ఉత్తరీయం భుజాన వేసుకున్నారు. వేసుకున్నాక గుర్తొచ్చింది. తీసి దండెం మీద వేసి, వీధి అరుగు మీద కూర్చున్నారు. చేసిన అపకారం ఒకరికి. దాని ఫలంగా తలుపు తెరుచుకున్నది ఇంకొకరికి. ఎవరి దగ్గర అపరాధియో ఆమె దగ్గర ఆ బాకీ తీరలేదు, ఇక తీరదు. దానిని ఆమె చేత తీర్పించుకోవాలని చూడడం కూడా ఒక దొంగతనమేనని ఆయనకు తెలిసింది. వీధిలో బడికి ఆలస్యమైన పిల్లలు పరుగెత్తుతుంటే, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆ గంట గడిచేదాకా ఆయన అక్కడే కూర్చున్నారు. లేచి ఎక్కడికీ వెళ్లలేదు.

ఈ కథను చదివినవారికి, చదివించుకుని విన్నవారికి, వేళ్లతో తడిమి తెలుసుకున్నవారికి వాగ్దేవి ప్రసన్నురాలగు గాక. ఎవరి తలుపు దగ్గరా ఎవరూ మాట అందక తిరిగిపోకుందురు గాక. తప్పు చేసినవారికి దానిని ఒప్పుకునే ధైర్యమూ, ఒప్పుకున్న తరువాత ఓర్చుకునే బలమూ కలుగు గాక. స్వస్తి.